ఇరవై ఒక్క ఆకుల్లో మీరెన్నింటిని గుర్తుపడతారు?

వినాయక చవితి ముందురోజు సాయంత్రం ఏ ఊరి బజారుకి వెళ్ళినా ఒకటే సందడి. మట్టి బొమ్మలు, పాలవెల్లులు, వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, కలువపూలు... వాటి మధ్య గోనెపట్టాలు పరిచి కుప్పలు పోసిన పచ్చటి ఆకులు. బేరమాడి ఒక కట్ట కొనుక్కుని, సంచిలో కుక్కుకుని ఇంటికొచ్చి, నాలుగు నీళ్ళు చిలకరించి ఒక మూల పెట్టేస్తాం. మర్నాడు పూజలో అయ్యగారో, వ్రతకల్పం పుస్తకమో, ఈమధ్యయితే ఫోనో "మాచీపత్రం" అనగానే చేతికందిన ఆకు తీసి వేస్తాం. "బృహతీపత్రం" అనగానే మరో ఆకు. అలా ఇరవై ఒక్క పేర్లూ అయిపోతాయి. పళ్ళెంలో ఆకులూ అయిపోతాయి. ఉండ్రాళ్ళ మీదకి మనసు పోతుంది!

వేశాం సరే, మొదట వేసింది మాచిపత్రేనా? రెండోది వాకుడేనా? మనింట్లో ఈ ప్రశ్న వేసేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లలు వేసినా "ఏదో ఒక ఆకులే నాన్నా, దేవుడికి భక్తి ముఖ్యం" అని తప్పించుకుంటున్నాం. భక్తి ముఖ్యమే, కాదనను. కానీ ఈ పండుగలో స్వామిని ఒక్కో పేరుతో పిలుస్తూ ఆ పేరుకి ఒక్కో ఆకు సమర్పించమన్నారు. అంటే పేరు చెప్పి, ఆకు చూసి, చేత్తో పట్టుకుని వెయ్యాలి. అదే కదా పత్రిపూజ అంటే! పైగా ఇందులో మందుగా వాడే ఆకులున్నాయి, విషమున్న ఆకులూ ఉన్నాయి. ఏదేదో తెలియకుండా కట్టగట్టి ఇంట్లో పెట్టుకోవడం అంత మంచిది కాదు సుమండీ. ఎందుకో తరవాత చెబుతాను.

కట్ట విప్పి చూస్తే...

పోయినేడు మా అపార్ట్‌మెంట్లో ఒక తమాషా చేశాం. ఆరిళ్ళ ఆడవాళ్ళం చవితి ముందురోజు రాత్రి తెచ్చుకున్న పత్రికట్టలన్నీ కింద హాల్లో పాత పేపర్లు పరిచి కుప్పపోశాం. ఒకామె ఫోనులో ఆర్డరిచ్చి తెప్పించుకున్న ప్యాకెట్టు కూడా అందులో వేసింది. దానిమీద "21 రకాల పవిత్ర పత్రి" అని అచ్చేసి ఉంది. రకాలు వేరుచేయడం మొదలుపెడితే ఏ కట్టలోనూ తొమ్మిదికి మించి తేలలేదు. ఆ ప్యాకెట్టులో ఏడే! మామిడి, రావి, జిల్లేడు, గన్నేరు అన్నింట్లోనూ ఉన్నాయి. గరిక సరేసరి. మిగతావి జామాకులు, రోడ్ల పక్కన కోటగోడల్లా పెంచే నారమామిడి ఆకులు, పేరు తెలియని తీగలు. అన్నిటికన్నా నివ్వెరపోయేలా చేసింది మాచిపత్రి పేరుతో వచ్చిన ఆకు. అది మాచిపత్రి కాదు, వయ్యారిభామ!

ఖాళీ స్థలాల్లో ఏపుగా పెరిగి పిండి చల్లినట్టు చిన్న చిన్న తెల్లపూలు పూస్తుందే, కాంగ్రెస్ గడ్డి అనికూడా అంటారు, అదే. 1950వ దశకంలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు దేశమంతా పాకింది. తాకితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, దురద. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. ఆకు చీలికలు చూడ్డానికి మాచిపత్రిలాగే ఉంటాయి కనక తెలియనివాళ్ళు కోసేస్తారు, తెలియనివాళ్ళం కొనేస్తాం. తేడా కనిపెట్టడం కష్టం కాదు. మాచిపత్రి ఆకుని తిరగేస్తే వెనక తెల్లటి నూగు ఉంటుంది. వేళ్ళతో నలిపితే దవనానికి చుట్టం కాబట్టి కమ్మటి వాసన వస్తుంది. వయ్యారిభామకి ఆ వాసనెక్కడిది?

జమ్మి విషయంలోనూ ఇదే తంతు. జమ్మి అని మాకిచ్చింది సర్కారు తుమ్మ. కొన్నిచోట్ల సీమతుమ్మ అంటారు. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870వ దశకంలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారు. అక్కణ్ణించి చెరువులూ, బీళ్ళూ ఆక్రమించేసింది. ఆకు చూస్తే రెండూ చిన్నచిన్న రెక్కలతో ఒకేలా అనిపిస్తాయి. కొమ్మ చూడాలి. సర్కారు తుమ్మకి ఆకు పుట్టేచోట జంటగా పొడుగాటి ముళ్ళుంటాయి. జమ్మికి చిన్న ముళ్ళు కొమ్మంతా అక్కడొకటి, ఇక్కడొకటి చెదురుమదురుగా ఉంటాయి.

మారేడు బదులు వెలగ ఆకు పెట్టడం కూడా మామూలే. రెండూ ఒకే కుటుంబం చెట్లు. మారేడు దళానికి మూడే ఆకులు. శివపూజ చేసే ఇళ్ళల్లో ఈ సంగతి చిన్నపిల్లలైనా చెబుతారు. వెలగకి ఒకే కాడ మీద ఐదో, ఏడో చిన్న ఆకులుంటాయి. వెలక్కాయ పాలవెల్లికి కట్టేది, మారేడాకు పత్రిలో వేసేది. చోటు తెలిసి వాడితే రెండూ అవసరమే.

వంటింటి పక్కనుంచి హిమాలయం దాకా

ఇంతకీ ఆ ఇరవై ఒకటీ ఏమిటో చూద్దాం. సంస్కృతం పేర్లు వినగానే బెదిరిపోనక్కర్లేదు. సగానికి సగం మన పెరటివే. చూతం అంటే మామిడి. దాడిమి అంటే దానిమ్మ. జాజి, తులసి, మరువం పేర్లు మార్చే పనే లేదు. మల్లెపూల దండలో పచ్చగా కలిపి కడతారే, ఆ మరువమే మరువకం. దూర్వ అంటే గరిక. గ్రహణం రోజున ఊరగాయ జాడీల మీద వేస్తాం చూడండి, అదే. వినాయకుడికి గరికంటే మహా ప్రీతి. అనలాసురుణ్ణి మింగి ఒళ్ళంతా మంటలెత్తితే ఇరవై ఒక్క గరికపోచలతో చల్లబడ్డాడని కథ. వ్రతంలో దూర్వాయుగ్మం అంటారు, అంటే జంట గరిక. ఒక్క పోచ విసిరేసి ఊరుకోకూడదన్నమాట.

తులసి సంగతి మరీ విచిత్రం. ఏడాదంతా వినాయకుడి పూజలో తులసి వాడరు. ఒక్క చవితినాడు మాత్రం ఇరవై ఒక్క పత్రిలో దానికీ చోటుంది. మా అమ్మమ్మ దీనికి చెప్పే కారణం పురాణంలో ఉందో లేదో గానీ నాకు నచ్చుతుంది. "పండగపూట పాత కోపాలు పెట్టుకోకూడదే" అనేది.

తరవాత దారిపక్క మొక్కలు. అపామార్గం అంటే ఉత్తరేణి. చేల గట్టుమీద నడిస్తే చీరంచుకి గింజలు అంటుకుని ఇంటిదాకా వస్తాయి, అదే! దీని పుల్లతో పళ్ళు తోముకునేవారు. బదరి అంటే రేగు, ఆకు వెనక తెల్లగా నూగుంటుంది. బృహతి అంటే వాకుడు, కొన్ని ఊళ్ళల్లో ములక అంటారు. వంకాయ జాతి, ఆకుమీద కూడా ముళ్ళుంటాయి. జాగ్రత్తగా పట్టుకోవాలి. విష్ణుక్రాంతం నేలకి అంటుకుని పెరిగే చిన్న మొక్క, ఆవగింజకి అక్కగారంత నీలిపువ్వు పూస్తుంది. బజార్లో దీని బదులు శంఖుపూల తీగ ఇస్తున్నారు. అది వేరు, ఇది వేరు.

సింధువారం అంటే ఎవరో అనుకుంటాం. మన వావిలి! బాలింత స్నానానికి వావిలాకు వేసి కాచిన నీళ్ళు వాడని పల్లెటూరిల్లు ఉండేదా? మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పురుళ్ళకీ పెరటి గుమ్మం పక్క కాగులో ఆ ఆకు ఉడుకుతున్న ఘాటు నాకిప్పటికీ ముక్కులో ఉంది. కాడకి మూడో ఐదో వేళ్ళలాంటి ఆకులు, వెనక బూడిదరంగు. ఇప్పుడు నెలలు నిండిన అమ్మాయికి వావిలాకు తెప్పించాలంటే ఆసుపత్రిలో గది దొరకడంకన్నా కష్టంగా ఉంది.

ఇక చెట్లు. రావి ఆకుని చివర తోకతో గుర్తుపట్టొచ్చు. అర్జునం అంటే తెల్లమద్ది, వాగుల ఒడ్డున తెల్లటి నున్నని మానుతో నిలబడి ఉంటుంది. మొసలి వీపులా బెరడు పగిలి ఉంటే అది నల్లమద్ది. తెల్లమద్దికి ఆకు తొడిమ దగ్గర కిందివైపు రెండు చిన్న బుడిపెలుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆయుర్వేదంలో గుండెజబ్బులకి వాడేది దీని బెరడే. దేవదారు మాత్రం మనవైపు దొరికేది కాదు. అది హిమాలయాల చెట్టు. బజార్లో దేవదారు అని ఎవరైనా తాజా ఆకులిస్తే అది నారమామిడో మరొకటో అయి ఉంటుంది. గండకీపత్రం దగ్గరైతే పుస్తకాల్లోనే తేడాలున్నాయి. ఒకరు దేవకాంచనం అంటారు, ఒకరు తీగగరిక అంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏది వాడితే అది కానివ్వండి.

అన్నీ దొరకాలని ఏముంది? దొరకని ఆకుకి బదులు నాలుగు అక్షతలు వేసి నమస్కరించడం మా అమ్మమ్మ నాటినుంచీ మా ఇంటి పద్ధతి. మా అయ్యగారూ అదే చెబుతారు. జామాకు వేసి దేవదారు అనుకోవడంకన్నా అక్షతలు వేసి లేదనుకోవడమే నయం.

విషమున్నవి మూడు

మిగిలిన మూడింటినీ కావాలనే విడిగా పెట్టాను. దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. మూడూ దేవుడికి ఇష్టమైనవే, మూడూ మనిషికి ప్రమాదమైనవే. పాతకాలంలో వీటిని పెద్దవాళ్ళే కోసేవారు, పెద్దవాళ్ళే ముట్టుకునేవారు.

రెండేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురు చవితికి మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "అత్తా, నేను పత్రి సర్దుతా" అని ఉత్సాహంగా కూచుంది. జిల్లేడు కొమ్మలనుంచి ఆకులు తుంపింది. పాలు వేళ్ళకి అంటాయి. అదే చేత్తో కన్ను నలుపుకుంది. ఏడవలేదు, మంటని కూడా అనలేదు. నీళ్ళతో మొహం కడుక్కుని ఆడుకుంది. సాయంత్రానికి "అత్తా, ఒక కంటికి అంతా పొగలా ఉంది" అంది. మాకందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. కంటి డాక్టరు దగ్గరకి పరిగెత్తాం. నల్లగుడ్డుమీది పొర, అదే కార్నియా, జిల్లేడు పాలవల్ల వాచిందని చెప్పి చుక్కలమందు ఇచ్చారు. వారం రోజులకి పూర్తిగా తగ్గింది. ఆ వారం రోజులు మా ఆడపడుచు నిద్రపోతే ఒట్టు.

అక్కడ డాక్టరుగారు చెప్పిన ముక్క ప్రతి తల్లీ తెలుసుకోవలసింది. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు. చూపు మసకేసేది తరవాత. అందుకే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. వెంటనే శుభ్రమైన నీటిని పదిహేను నిమిషాలపాటు ధారగా పోస్తూ కన్ను కడగాలి. తరవాత కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలి. కంట్లో చనుబాలు పిండడం, ఆముదం చుక్క వెయ్యడం లాంటి అమ్మలక్కల వైద్యాలు మాత్రం వద్దు.

ఉమ్మెత్తలో ఆకు, పువ్వు, కాయ, గింజ అన్నీ విషమే. గింజలు మరీనూ. నోరు ఎండిపోవడం, మొహం ఎర్రబడటం, కంటిపాప పెద్దదవడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం దీని లక్షణాలు. ముళ్ళకాయ ఆటవస్తువులా కనిపిస్తుంది కనక పిల్లలు తీసుకుంటారు. గన్నేరు గుండెమీద పనిచేస్తుంది. గన్నేరుపప్పు ప్రాణాంతకమని మనకి తెలుసు గానీ ఆకు కూడా విషమేనని చాలామందికి తెలియదు. అన్నట్టు, గంటల్లా పసుపుపచ్చ పూలు పూసే పచ్చగన్నేరు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. వ్రతంలో చెప్పిన కరవీరం మన ఎర్ర, తెల్ల గన్నేరు. విషంలో మాత్రం ఒకదాన్ని మించింది ఇంకోటి.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే ఏటా చవితి రాగానే ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. ఇరవై ఒక్క ఆకులూ దివ్యౌషధాలే, పూజయ్యాక కషాయం కాచి తాగితే సకల రోగాలూ పోతాయి అని. అమ్మా, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. పత్రిని దేవుడి పాదాల దగ్గర పెట్టమన్నారు గానీ పొయ్యిమీద పెట్టమనలేదు. ఆయుర్వేదంలో ఈ మొక్కల్ని వాడతారు నిజమే. శుద్ధి చేసి, మోతాదు చూసి, వైద్యుడు ఇస్తేనే అది మందు.

ఈ మూడింటి విషయంలో నేను చేసేది చెబుతాను. పెద్దవాళ్ళమే ఆకులు విడదీస్తాం. ముగ్గురికీ వేరే పళ్ళెం. పిల్లలు పేరు చెబితే నేను తీసి వాళ్ళ ముందు వేస్తాను. పత్రి సర్దాక అందరం సబ్బుతో చేతులు కడుక్కుంటాం. ఆ తరవాతే కుడుములు.

గోనె మోసే చేతులు

పత్రి కల్తీ అవుతోందని బజారులో కూచున్నవాళ్ళని తిట్టిపోయడం తేలిక. నేనూ ఒక కట్ట పట్టుకుని వెళ్ళి అడిగాను. మా బెజవాడ బజార్లో ఏటా ఒకేచోట కూచునే ఒక మామ్మ ఉంది. అరవై దాటి ఉంటాయి. మైలవరం వైపు పల్లె. "మామ్మా, ఇది జమ్మి అని ఇచ్చావట, జమ్మేనా?" అన్నాను.

ఆవిడ కొమ్మ తిప్పి చూసి నవ్వింది. "నేనిచ్చింది కాదు తల్లీ. ఆ పక్క కుర్రాడిదగ్గర కొనుంటావు. వాళ్ళు ఊరిబయట రోడ్డుపక్కన కొట్టుకొస్తారు. జమ్మి నాదగ్గర ఇదుగో," అని తడిగుడ్డలో చుట్టిన నాలుగు రెమ్మలు తీసి చూపించింది. నాలుగే!

"ఇన్నేనా?"

"మాకు దగ్గర్లో గట్టుమీద రెండు చెట్లుండేవి. ప్లాట్లు వేసి కొట్టేశారు. ఇప్పుడు కొండకింద దాకా పోవాలి. మద్దాకు వాగుకి పోవాలి. మాచిపత్రి డబ్బులిచ్చి పూలకొట్లో కొంటాను. ఇన్నీ చేసి కట్ట ముప్పై అంటే ఇరవైకిస్తావా అంటారు. ఆ కుర్రాడు పదికిస్తాడు. మరి ఎవరిది కొంటారు?"

నాదగ్గర సమాధానం లేదు. రెండు రోజులు కోసి, గోనెలో కట్టి, తెల్లవారుఝామున బస్సెక్కి, లగేజికి డబ్బులు కట్టి, ఎండలో కూచుని అమ్మితే ఆవిడకి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆవిడ పదిహేడు ఆకులు పేరుపెట్టి చూపించింది. సంస్కృతం పేర్లు కాదు, ఊరి పేర్లు. ఏది ఏ గట్టున దొరుకుతుందో, ఏది వాన పడ్డాక లేతగా వస్తుందో చెప్పింది. ఆవిడ కోడలికి ఇవేవీ రావట. మనవరాలు డిగ్రీ చదువుతోందట. "దానికెందుకమ్మా ఈ ముళ్ళు" అంది. నిజమే. కానీ ఆవిడ తరవాత ఆ గట్టున చూడ్డానికి కూడా ఎవరూ వెళ్ళరు.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. "కొమ్మ విరిస్తే తొందరగా గోనె నిండుద్ది. రెమ్మ గిల్లితే మళ్ళీ ఏడు చెట్టుంటది." మన ఊళ్ళో గుళ్ళ దగ్గర మారేడు చెట్లని చూడండి, చేతికందే ఎత్తు దాకా మోడే. ఒక్కో పూజకి ఒక్క ఆకు కావాలి, మనం కొమ్మ కొంటున్నాం. మనకి ఇరవై ఒక్క ఆకులు చాలు. కట్ట బరువు చూసి కొనేది కూరగాయలని, పత్రిని కాదు.

జమ్మి కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు

జమ్మిని మనం ఏడాదిలో రెండుసార్లు తలుచుకుంటాం. చవితికి ఒక రెమ్మ, దసరాకి పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని పూజ. తెలంగాణలో అయితే దసరానాడు జమ్మి ఆకుని బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టి కాళ్ళకి దండం పెట్టుకుంటారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం జమ్మిని రాష్ట్ర వృక్షంగా, బతుకమ్మలో మెరిసే తంగేడుని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది కూడా.

ఇదే చెట్టుని రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు. అక్కడ ఒక కథ కాని కథ ఉంది. 1730లో జోధ్‌పూర్ మహారాజు కొత్త రాజభవనం కోసం సున్నపుబట్టీలకి కట్టెలు కావాలని ఖేజర్లీ అనే ఊరికి మనుషుల్ని పంపాడు. ఆ ఊరివాళ్ళు బిష్ణోయీలు. పచ్చని చెట్టు నరకడం వాళ్ళ ధర్మంలో లేదు. అమృతాదేవి అనే ఇల్లాలు వెళ్ళి జమ్మి చెట్టుని కౌగిలించుకుని నిలబడింది. ఆమెనీ, ఆమె ముగ్గురు కూతుళ్ళనీ నరికేశారు. ఆ వార్త విని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో చెట్టుని పట్టుకున్నారు. మొత్తం 363 మంది ప్రాణాలు పోయాయి. చివరికి రాజు ఆ నరుకుడు ఆపించాడు.

వాళ్ళకది పండగపూట ఆకు కాదు. ఎడారిలో నీడ, మేకలకి మేత, కరువులో కూర. మన మామ్మ చెప్పిన గట్టుమీది రెండు చెట్లకి మాత్రం అడ్డం నిలబడినవాళ్ళు లేరు. ప్లాటు కొన్నవాళ్ళు గృహప్రవేశానికి పత్రి కోసం బజారుకి వచ్చే ఉంటారు!

నిమజ్జనం అయ్యాక

పత్రి నీళ్ళలో కలిస్తే చెరువు శుద్ధి అవుతుందని ఇంకో మాట ప్రచారంలో ఉంది. ఒక ఊరికి ఒక చెరువు, ఇంటికి ఇరవై ఒక్క ఆకులు ఉన్నరోజుల్లో దానివల్ల హాని లేకపోయి ఉండొచ్చు. ఇప్పుడు లారీలకొద్దీ ఆకులూ, దండలూ, వాటితోపాటు ప్లాస్టిక్ సంచులూ నీళ్ళలో పడుతున్నాయి. ఆకులు కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువుని వాడేసుకుంటాయి. చేపలకి ఊపిరి అందదు. నాకైతే దీన్ని శుద్ధి అనాలని లేదు.

మా అపార్ట్‌మెంట్లో మట్టి వినాయకుణ్ణి బకెట్టు నీళ్ళలోనే కలిపేస్తాం. ఆ మట్టినీళ్ళు కుండీలకి పోస్తాం. పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు తీసి వేరేగా గొయ్యి తవ్వి పూడ్చేస్తాం. గన్నేరు ఆకు పశువులకి కూడా విషమే. పండగ మర్నాడు రోడ్డుపక్క కుప్పల్లో ఆవులు మూతులు పెట్టి వెతుక్కోవడం మీరూ చూసే ఉంటారు. మిగతా ఆకులన్నీ ఎండుటాకులతో కలిపి డ్రమ్ములో వేస్తే కొన్ని నెలలకి ఎరువవుతుంది. సంక్రాంతి బంతిమొక్కలకి అదే వేశాం.

కుండీల్లో పెంచుకోదగ్గ పత్రి ఏమిటని చాలామంది అడుగుతున్నారు. తులసి, మరువం, మాచిపత్రి, గరిక, విష్ణుక్రాంతం చిన్న కుండీల్లో బాగా వస్తాయి. దానిమ్మకీ, జాజికీ పెద్ద తొట్టి కావాలి. ఇంటికి కాస్త జాగా ఉంటే గోడవారన వావిలి వెయ్యండి, నీళ్ళు పెద్దగా అడగదు. రావి మాత్రం గోడ దగ్గర వద్దు. దాని వేళ్ళు ఇంటినే లేపేస్తాయి. మారేడు, జమ్మి, మద్ది లాంటివి ఒక్కింటివల్ల కాదు. కాలనీ పార్కులోనో, గుడి ఆవరణలోనో పదిమంది కలిసి వెయ్యాల్సిందే. రాజమండ్రి దగ్గర కడియం నర్సరీల్లో అడిగితే మారేడు మొక్కలు దొరుకుతాయి.

మేం ఈ ఆషాఢంలో అక్కణ్ణించే ఒక మారేడు తెప్పించి మా వెనక గేటు పక్క పాతాం. మామ్మ అడక్కుండానే ఒక జమ్మి మొలక కూడా తడిగోనెలో చుట్టి తెచ్చిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "చెట్టయ్యాక నాకు రెండు రెమ్మలియ్యి చాలు" అంది. జమ్మి నెమ్మదిగా పెరుగుతుందట. చాలా ఏళ్ళు ఆగాలి. ప్రస్తుతానికి రెండింటికీ నీళ్ళు పోసే వంతు గురించి మూడో అంతస్తువాళ్ళకీ మాకూ రోజూ ఒక చిన్న వాదన నడుస్తోంది.